బిల్డరు వచ్చే రోజులు

మా ఇంటి పని ఒప్పుకున్న బిల్డరు రాని రోజుల గురించి అందరూ అడిగారు. చుట్టాలు ఫోన్ చేసినా, ఆఫీసులో ఎవరు ఎదురుపడినా అదే మాట: "ఏంటి, ఇంకా అక్కడే ఉందా?" ఆగిపోయిన పని దారిన పోయేవాళ్ళకి కూడా కనబడుతుంది. పిల్లర్ల మీద ఊచలు తుప్పు పడుతూ ఉంటాయి, ఇసుక కుప్ప మీద గడ్డి మొలుస్తుంది. ఆయన వచ్చిన రోజుల గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు నిద్ర లేకుండా చేసినవి ఆ రోజులే.

వారాల తరబడి ఫోను ఎత్తని మనిషి ఒక సాయంత్రం తనే ఫోన్ చేసి "రేపు స్లాబ్ వేసేద్దాం మేడమ్" అంటే ముందు ప్రాణం లేచొచ్చినట్టే ఉంటుంది. ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాం కదా, ఇప్పుడు ప్రశ్నలు వేసి మళ్ళీ ఆపడం ఎందుకు అనిపిస్తుంది. ఆ రాత్రే అడగాల్సినవన్నీ అడగాలి. ఆలస్యం వల్ల అద్దె పెరుగుతుంది, వడ్డీ పెరుగుతుంది, ఇంట్లో మాటామాటా పెరుగుతుంది, అది నిజం. కానీ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి చేసే తొందరలో కాంక్రీటు కింద, టైల్స్ కింద, ప్లాస్టరింగ్ వెనక ఏం మూసేశారో అది ఇల్లు ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంటుంది.

నేను లెక్కలు చూసే ఉద్యోగం చేస్తాను. మావారి ఉద్యోగం వేరే ఊళ్ళో, సెలవులకే వస్తారు. కాబట్టి సైటు బాధ్యత నాదే. ఇల్లు అనుకున్నది మా నాన్న కోసం. ఆయన మోకాళ్ళు బాగా అరిగిపోయాయి. మేం అద్దెకున్నది మేడ మీద. ఆసుపత్రికి తప్ప ఆయన కిందికి దిగరు, దిగిన రోజు ఎక్కడం ఒక యుద్ధం. కింద ఒక గది, దానికి ఆనుకుని మెట్టు లేని బాత్రూం, రేపెప్పుడైనా చక్రాల కుర్చీ కావలసి వస్తే పట్టేంత తలుపు ఉండాలని ప్లాను గీయించుకున్నాం. పైన మాకు రెండు గదులు. ఇంతకంటే ఏమీ కోరుకోలేదు.

పునాదులు బాగానే పడ్డాయి. బిల్డరు పొద్దున్నే వచ్చేవాడు, మేస్త్రీతో మాట్లాడేవాడు, నాన్నని ఫోనులో "బాబాయిగారూ" అని పలకరించేవాడు. ప్లింత్ బీము వరకూ, అంటే పునాది మీద గోడల కింద వచ్చే బీము వరకూ, ఏ ఇబ్బందీ లేదు. ఒక్కో పని అయ్యాక ఒక్కో వాయిదా ఇవ్వాలన్నది ఒప్పందం, ఆ బీము వాయిదా డబ్బు వెళ్ళాక మొదలైంది. "మనుషులు పండక్కి వెళ్ళారు మేడమ్." "సెంట్రింగ్ వాళ్ళు రేపొస్తామన్నారు." "లారీ బయలుదేరింది, దారిలో ఉంది." ఆ లారీ ఎన్ని రోజులైనా దారిలోనే ఉండేది.

తిడితే ఉపయోగం లేదని నాకు తెలుసు. అందుకని ఒక నోటుబుక్కు పెట్టాను. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ సైటుకు వెళ్ళి ఆ రోజు ఎంతమంది వచ్చారు, ఏం పని జరిగింది, ఏ సరుకు దిగింది, ఏ సరుకు వెళ్ళిపోయింది అన్నది రాసేదాన్ని. వెళ్ళిపోయిన సరుకు కూడా ఉంటుంది. ఒకరోజు మా సెంట్రింగ్ రేకులు, అంటే కాంక్రీటు పోయడానికి కింద పరిచేవి, కనబడలేదు, ఇంకోరోజు సిమెంటు బస్తాల వరుస కురచైంది. ఎవరి మీదా అనుమానంతో కాదు, చూసింది చూసినట్టు రాశానంతే.

కొన్ని నెలలయ్యాక ఆ నోటుబుక్కునీ బ్యాంకు స్టేట్‌మెంటునీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసులో ఏ సంస్థ లెక్కలైనా నేను చూసే పద్ధతి అదే: డబ్బు తేదీలు ఒక పక్క, పని తేదీలు ఒక పక్క. అప్పుడు అంతా అర్థమైంది. మనుషులు గుంపుగా వచ్చింది ప్రతిసారీ వాయిదాకి ముందే. పిల్లర్లు లేస్తే ఒక వాయిదా, అందుకని పిల్లర్లు చకచకా లేచాయి. ఆ తర్వాత సైటు ఖాళీ. స్లాబ్ పడితే పెద్ద వాయిదా, కాబట్టి స్లాబ్ ముందు జాతర. గోడలు లేస్తే ఇంకొకటి. వాయిదా ముట్టిన మర్నాటి నుంచి మళ్ళీ నిశ్శబ్దం. బిల్డరు క్రమశిక్షణ లేని మనిషి అనుకుంటూ వచ్చాం మేము. ఆయన క్రమం ఆయనకుంది. డబ్బు రప్పించే పని ఒక్కటీ ఆయన వదల్లేదు. ఏ వాయిదాకీ లంకె లేని పని ఒక్కటీ సరిగ్గా చెయ్యలేదు.

ఇందులో ఆయన ప్రత్యేకంగా దుర్మార్గుడని నేను అనను. తర్వాత మేస్త్రీ చెబితే తెలిసింది, ఒకేసారి చాలా ఇళ్ళు ఒప్పుకున్నాడట. ఉన్నది ఒక ముఠా, అద్దెకి తెచ్చిన ఒక సెట్టు సెంట్రింగ్ సామాను. కొత్త ఇంటి అడ్వాన్సుతో పాత ఇంటికి స్టీలు కొనాలి, పాత ఇంటి స్లాబ్ వాయిదాతో ఇంకో ఇంటి కూలీలకు ఇవ్వాలి. కొత్త అడ్వాన్సులు వస్తున్నంతకాలం బండి నడుస్తుంది. ఎక్కడో ఒక యజమాని డబ్బు ఆపితే మిగిలిన ఇళ్ళన్నీ ఒకేసారి ఆగిపోతాయి. నా డబ్బు నా ఇంట్లో లేదన్నమాట. ఇంకెవరి ఇంటి గోడల్లోనో ఉంది.

వాయిదాతో సంబంధం లేని పనుల్లో మొదటిది నీళ్ళు కొట్టడం. కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. సిమెంటు నీళ్ళతో కలిసి జరిపే చర్య వల్ల గట్టిపడుతుంది, అందుకు తడి ఉండాలి. 28 రోజులకి రావలసిన బలంలో సుమారు మూడింట రెండు వంతులు మొదటి 7 రోజుల్లోనే వస్తుంది. ఆ వారంలో పిల్లరు ఎండిపోతే తర్వాత ఎన్ని ట్యాంకర్లు కుమ్మరించినా పోయింది పూర్తిగా తిరిగిరాదు. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) లాంటివి కలిసిన సిమెంటయితే, ఎండ ఎక్కువగా ఉంటే కనీసం 10 రోజులు తడి ఆరకూడదని మా ఇంజినీరు చెప్పారు. పిల్లర్లకి గోనె పట్టాలు చుట్టి తడపాలి, స్లాబ్ మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి. ఇది ఒక మనిషి చేసే పని. నేర్పు కూడా పెద్దగా అక్కర్లేదు. కానీ ఆ మనిషి కూలి ఏ వాయిదాలోనూ లేదు కాబట్టి ఆ మనిషి మా సైటులో లేడు. పిల్లర్లు పోసిన మూడో రోజు వెళ్ళి చూస్తే గోనె పట్టాలు సిమెంటు షెడ్డులో కట్ట విప్పకుండా ఉన్నాయి. ఆ రోజు నుంచి పక్క సైటు కాపలా ఆయన భార్యకి కూలి మాట్లాడి నీళ్ళు కొట్టించుకున్నాం. ఆవిడ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోనె తడిపేది. మా ఇంటి పిల్లర్లలో ఉన్న బలంలో కొంత ఆవిడదే అని నేను నమ్ముతాను.

ఇక స్లాబ్ సంగతి. "రేపు పొద్దున్నే మిల్లరు వస్తుంది, కాంక్రీటు పోసేస్తాం" అని ఫోను వచ్చేసరికి చీకటి పడింది. మిల్లరంటే కాంక్రీటు కలిపే యంత్రం. స్టీలు కట్టడం ఆ రోజు మధ్యాహ్నమే అయిందట. ఇంజినీరు చూశారా అంటే "ఆయన చూసేదేముంది మేడమ్, డ్రాయింగ్ ప్రకారమే కట్టాం" అన్నాడు. నేను ఇంజినీరుకి ఫోన్ చేశాను. ఆయన పెద్దాయన, రిటైరయ్యాక డిజైన్లు మాత్రం చేస్తున్నారు. తెల్లవారకముందే వచ్చారు, చేతిలో టేపు, టార్చి లైటు.

మెట్లు లేవు కాబట్టి నిచ్చెన మీద పైకెక్కి ఆయన మొదట వెళ్ళింది బాల్కనీ దగ్గరికి. మిగతా స్లాబ్ రెండు పక్కలా బీముల మీద కూర్చుంటుంది, కింది భాగం సాగుతుంది కాబట్టి ప్రధానమైన స్టీలు కింద ఉండాలి. బాల్కనీ ఒక్క పక్క నుంచి బయటికి చాచుకుని ఉంటుంది. అక్కడ సాగేది పై భాగం, ఊచలు పైన ఉండాలి. డ్రాయింగ్‌లో అలాగే ఉంది. కట్టేటప్పుడూ అలాగే కట్టి ఉంటారు. కానీ వాటిని పైన నిలబెట్టే చైర్లు, అంటే వంచిన ఊచ ముక్కలు, అక్కడక్కడా రెండు మూడు తప్ప లేవు. కరెంటు పైపులు పరిచేవాళ్ళు, సామాను మోసేవాళ్ళు వాటి మీదే నడిచారు. పైన ఉండాల్సిన ఊచలు కిందికి అణిగిపోయి దాదాపు సెంట్రింగ్ రేకుకి ఆనుకున్నాయి. "ఇలాగే పోస్తే చూడ్డానికి బాల్కనీలాగే ఉంటుందమ్మా," అన్నారు ఇంజినీరు, "ఇందులో స్టీలు ఉన్నా లేనట్టే."

ఊచలు రేకుకి తగలకుండా కింద పెట్టే చిన్న దిమ్మల, అంటే కవర్ బ్లాకుల, బదులు కంకర రాళ్ళు పెట్టారు. అవి జారిపోయి చాలాచోట్ల ఊచలు రేకుని తాకుతున్నాయి. స్లాబుకి కనీసం 20 మిల్లీమీటర్లు, బీముకి 25, పిల్లరుకి 40, పునాదికి 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఊచని కప్పి ఉండాలి. అది లేకపోతే తేమ ఊచ దాకా పోతుంది, ఊచ తుప్పు పడుతుంది, తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. పాత ఇళ్ళ సీలింగుల్లో పెచ్చులూడి ఊచలు బయటపడడం అందరూ చూసే ఉంటారు.

అప్పటికి మిల్లరు వచ్చింది. ముఠా అంతా వచ్చింది, ఆడవాళ్ళు, మగవాళ్ళు, తలగుడ్డలు చుట్టుకుని. బిల్డరు కూడా తెల్లచొక్కాలో వచ్చాడు. "ఎన్ని ఇళ్ళు కట్టాం మేడమ్, ఒక్కటైనా పడిందా? ఈయన చెప్పినట్టు కడితే ఎవడూ ఇల్లు కట్టలేడు." ఇంజినీరు ఏమీ అనలేదు. నా వైపు చూశారు.

నేను పోయొద్దన్నాను. బిల్డరు గొంతు పెంచాడు. ఇంతమందిని పిలిపించాను, వీళ్ళ కూలి ఎవరిస్తారు అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, ఆ కూలీలు తప్పేం చేశారు? ఈ రోజు కూలి నేనిస్తాను, కానీ కాంక్రీటు పడదు అన్నాను. అప్పుడు మేస్త్రీ ముందుకొచ్చి "అమ్మా, కూలి ఇస్తానంటున్నారు కదా, కాంక్రీటు ముఠాకి ఇచ్చి పంపించెయ్యండి. మా వాళ్ళు నలుగురు ఉంటే చాలు, చైర్లు పెట్టేస్తాం" అన్నాడు. ఆ రోజంతా చైర్లు వంచారు, కట్టారు, సిమెంటు కవర్ బ్లాకులు తెప్పించి పెట్టారు, నడవడానికి బాల్కనీ మీద చెక్కలు పరిచారు. ఇంజినీరు మళ్ళీ వచ్చి చూసి, సరే అని కాగితం మీద రాసి సంతకం పెట్టాకే కాంక్రీటు పడింది.

కాంక్రీటు పోసేటప్పుడు చూడాల్సింది ఇంకొకటుంది, నీళ్ళు. 50 కిలోల సిమెంటు బస్తాకి మా మిశ్రమంలో మొత్తం నీళ్ళు 25 లీటర్లు. ఇసుక తడిగా ఉంటే అందులోని నీళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, అంటే పైనుంచి పోసేది ఇంకా తగ్గాలి. కానీ కాంక్రీటు పలచగా ఉంటే పని సులువు, పారతో లాగితే జారుతుంది. అందుకని ఎవరూ చూడనప్పుడు ఒక బక్కెట్టు ఎక్కువ పోస్తారు. ఆ అదనపు నీళ్ళు తర్వాత ఎండిపోయి కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగులుస్తాయి, బలం తగ్గుతుంది, పగుళ్ళు వస్తాయి. నేను మిల్లరు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే ఏమీ అనక్కర్లేదు, కూర్చోవడమే చాలు. 15 సెంటీమీటర్ల ఘనాల అచ్చుల్లో కాంక్రీటు పోయించి, కొన్ని 7 రోజులకి, కొన్ని 28 రోజులకి ల్యాబులో నొక్కించి చూశాం. బలం సరిపోయింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నాన్న దాన్ని అద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు.

స్లాబ్ పడింది, వాయిదా వెళ్ళింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, "అమ్మా, ఒకసారి రాగలరా? నేను చెప్పానని చెప్పకండి" అన్నాడు. వెళ్ళేసరికి వాకిట్లో ఆటో ట్రాలీ ఉంది. మా స్లాబ్ కింది జాకీలు, అంటే దాన్ని మోస్తూ నిలబెట్టిన ఇనుప స్తంభాలు, విప్పి ఎక్కిస్తున్నారు. ఇంకో సైటులో స్లాబ్ ఉందట, ఆ వాయిదా రావాలంటే ఈ సామాను అక్కడ ఉండాలి.

ఇంజినీరు రాసిచ్చిన లెక్క నా నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది. మామూలు సిమెంటుతో పోసిన స్లాబుకి గది వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపయితే జాకీలు 7 రోజులు, దాటితే 14 రోజులు. బీముకి 6 మీటర్ల లోపయితే 14, దాటితే 21. చాచిన బాల్కనీ కింది జాకీలు ఆయన చెప్పేదాకా ముట్టకూడదు, తీసేటప్పుడు కూడా అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. గది మధ్యలో అయితే నడిమి నుంచి మొదలుపెట్టి గోడల వైపు వెళ్ళాలి. ఇవేవీ చూడకుండా దొరికినవి దొరికినట్టు లాగేస్తున్నారు. అదృష్టం కొద్దీ చిన్న గది దగ్గర మొదలెట్టారు. ఆపించాను. బిల్డరుతో వాదించలేదు, సెంట్రింగ్ సామాను సొంతదారుకే ఫోన్ చేశాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "నా సామాను ఎక్కడుంటే నాకేంటమ్మా, అద్దె వస్తే చాలు. తీసెయ్యమని నేను అనలేదు." విప్పినవి మళ్ళీ బిగించారు. సెంట్రింగ్ ఆలస్యం మీద అప్పటిదాకా బిల్డరు చెప్పినవన్నీ ఆ సొంతదారు మీదికి తోసినవే అని ఆ ఒక్క ఫోనుతో తేలిపోయింది. సైటుకి సరుకు ఇచ్చేవాళ్ళ నంబర్లు మన దగ్గర కూడా ఉండాలి. సగం సాకులు అక్కడే ఆగిపోతాయి.

మేస్త్రీ గురించి కూడా చెప్పాలి. ఈ కథల్లో అందరూ యజమాని, బిల్డరు అని రెండు పక్షాలే చెబుతారు. మూడో పక్షం కూలి డబ్బు రానివాళ్ళు. గోడలు లేస్తున్నప్పుడు ఒక సాయంత్రం మేస్త్రీ, ఇద్దరు కూలీలు మా ఇంటికి వచ్చారు. వారాలుగా బిల్డరు ఇవ్వలేదు. నేను మాత్రం వాయిదా అణా పైసలతో చెల్లించాను. ఆ రాత్రి బిల్డరుకి మెసేజ్ పెట్టి, ఆయన 'ఓకే' అని జవాబిచ్చాకే వాళ్ళ కూలి నేరుగా ఇచ్చి, తర్వాతి బిల్లులో తగ్గించాను. జవాబు రాకపోతే ఇవ్వడానికి నాకు కష్టమయ్యేది, ఎందుకంటే అలా ఇచ్చింది రెండుసార్లు ఇచ్చినట్టు అవుతుంది. కడుపు నిండని చేతులతో నిలువు గోడ రాదు. ఇటుక నానబెట్టకుండా పెట్టారని, ఒక్కరోజులో మనిషెత్తు దాటించారని నేను కోప్పడ్డ రోజులున్నాయి. కూలి రాక వాళ్ళు ఆ వారంలో రెండు చోట్ల పని చేస్తున్నారని అప్పుడు నాకు తెలియదు.

మా సంబంధం తెగిపోయింది పై బాత్రూం దగ్గర. టైల్స్ వేస్తే వాయిదా. కాబట్టి ఒక సెలవుల వారంలో, మేం ఊళ్ళో లేనప్పుడు, టైల్స్ వేసేశారు. అందంగా వేశారు కూడా. తిరిగొచ్చి చూసి మావారు బాగుందన్నారు. నేను కుళాయి తిప్పి, కాసేపు నీళ్ళు వదిలి, కిందికి వెళ్ళి నాన్న గది సీలింగు చూశాను. ఆ రోజు ఏమీ లేదు. తర్వాతి వారం సీలింగు మీద అరచేతంత తడి మచ్చ. రోజూ కొంచెం పెరిగింది.

బాత్రూం స్లాబ్ మిగతా నేలకంటే కిందికి దించి పోస్తారు, పైపులు అందులో పోవడానికి. ఆ గుంతకి వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, పైపులు బిగించి, నీళ్ళు నింపి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు అలా వదిలెయ్యాలి. నీటిమట్టానికి గీత గీసి పెట్టాలి. కింద తడి రాకపోతే, గీత దిగకపోతే అప్పుడు పూడ్చి టైల్స్ వెయ్యాలి. ఈ పరీక్షకి ఖర్చు నీళ్ళే. కావలసింది రెండు రోజులు ఆగడం. ఆ రెండు రోజులు ఆగితే వాయిదా రెండు రోజులు ఆగుతుంది. టైల్స్ పగలగొట్టించి చూస్తే పూత గోడ మూలల్లో అసలు లేదు, ఒక ఎల్బో (పైపు మలుపు) దగ్గర అతికే సొల్యూషన్ రాయకుండా పైపుని ఊరికే దూర్చి పెట్టారు. పగిలిన టైల్స్ మధ్య నిలబడి నేను ఏడ్చాను. డబ్బుకి కాదు. నాన్న మంచం వెయ్యాలనుకున్న చోటు సరిగ్గా దాని కిందే.

ఆ తర్వాత బిల్డరుతో విడిపోవడం ఒక ఆఫీసు పనిలా చేశాను. కోపంగా ఉన్నప్పుడు తాళం వేసి పంపించెయ్యాలని ఉంటుంది. అలా చేస్తే రేపు ఎంత పని అయింది, ఎంత కాలేదు అన్నదానికి సాక్ష్యం ఉండదు. ఇంజినీరు, బిల్డరు, మేస్త్రీ, నేను నలుగురం ఉండగా ప్రతి గదీ కొలిచాం. అయిన పని, సగమైన పని, మళ్ళీ చెయ్యాల్సిన పని అని మూడు పట్టికలు రాశాం. సైటులో ఉన్న సరుకు లెక్కపెట్టాం. స్టీలు లెక్కకి ఇంజినీరు ఒక చిట్కా చెప్పారు: ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల ఊచ మీటరుకి దాదాపు 0.89 కిలో. డ్రాయింగ్ ప్రకారం ఎంత స్టీలు పట్టాలి, బిల్లుల్లో ఎంత ఉంది అని పోల్చి చూస్తే తేడా కనిపించింది. ఆ తేడా మా ఇంట్లో లేదు. బిల్డరు ఆ పేజీ దగ్గర ఏమీ మాట్లాడలేదు, సంతకం మాత్రం పెట్టాడు. మేం ఇచ్చింది అయిన పనికంటే ఎక్కువ. అందులో కొంత సైటులో ఉన్న సరుకు రూపంలో వదిలాడు, కొంత రాసిచ్చాడు, ఇంకా ఇవ్వాలి.

కొత్తగా పని ఒప్పుకున్నాయన ఒప్పందం చూసి మొదట ముఖం చిట్లించాడు. పెద్ద పెద్ద వాయిదాలు లేవు, చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. అవి కంటికి కనబడే పనికి కాకుండా దాని తర్వాతి పరీక్షకి ముడిపెట్టి ఉన్నాయి. ప్లాస్టరింగ్ అయినందుకు కాదు, ప్లాస్టరింగ్‌కి నీళ్ళు కొట్టడం పూర్తయ్యాక. టైల్స్ వేసినందుకు కాదు, నీళ్ళు నిలిపి చూశాక టైల్స్ వేసినందుకు. గోడలో పైపులు మూసే ముందు ఫోటో, పక్కన టేపు పెట్టి. ప్రతి బిల్లులో కొంత మా దగ్గర ఆగుతుంది, ఒక వానాకాలం గడిచాక ఇస్తాం. ఒప్పుకున్నదానికి మించిన పని ఏదైనా, ఎంత చిన్నదైనా, రేటు రాసుకుని మొదలుపెట్టాలి.

ఆయన ఒక షరతు పెట్టాడు. "పరీక్ష నిలబడిన రెండు రోజుల్లో నా డబ్బు నాకు రావాలమ్మా. చాలామంది యజమానులు ఆ కిటికీ నచ్చలేదు, ఈ రంగు నచ్చలేదు అని నెలలు తిప్పుతారు. అప్పుడే నేను ఇంకో సైటు పట్టుకోవాల్సి వస్తుంది." నాకు ఆ మాట చాలా సబబుగా తోచింది. బిల్డర్లు అలా అవడానికి ఇవ్వాల్సిన డబ్బు ఎగ్గొట్టే యజమానులు కూడా కారణమే. ఆ షరతు ఒప్పందంలో నేనే చేత్తో రాశాను. ఇప్పటిదాకా ఒక్క చెల్లింపూ రెండో రోజు సాయంత్రం దాటలేదు, ఆయన మనుషులు రాని రోజూ పెద్దగా లేదు. రాకపోతే ముందురోజే చెబుతున్నాడు.

పై బాత్రూం మళ్ళీ చేశారు. ఈసారి నీళ్ళు నింపిన గుంతలో పెన్సిల్ గీత నేనే గీశాను. గీత దిగలేదు. నాన్న గది సీలింగు పొడిగా ఉంది, పాత మచ్చ ఇంకా ఉంది, పూర్తిగా ఆరాకే రంగు వెయ్యమన్నారు ఇంజినీరు. బాల్కనీ కింద పగుళ్ళు లేవు.

ఈ వారం వంటగది పైపుల పరీక్ష ఉంది. మామూలుగా ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, ఒత్తిడి చూపించే గేజి ముల్లు పడిపోకుండా నిలుస్తుందో లేదో చూస్తారు. నిలిస్తే గోడ మూస్తారు, నేను డబ్బు పంపిస్తాను. పాత బిల్డరు దగ్గర స్లాబులోని కరెంటు పైపుల డ్రాయింగ్ ఉండిపోయింది. ఫ్యాన్ల కోసం ఎక్కడ డ్రిల్లు వెయ్యచ్చో తెలియాలంటే అది కావాలి. ఆయనకి సోమవారం మళ్ళీ రాశాను. ఇవ్వకపోతే స్లాబ్ పోసే ముందు నేను తీసుకున్న ఫోటోలతో ఇంజినీరు కొత్తది గీస్తానన్నారు.